కాణిపాకం నుంచి బెంగళూరు పోతూ చిత్తూరులో పాత బేకరీ శాండ్‌విచ్ కోసం ఆగొచ్చా?

బొబ్బిలిబాటసారి | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. వచ్చే వారం కుటుంబంతో తిరుపతి వస్తన్నాం. కొండ మీద దర్శనం అయ్యాక మర్నాడు పొద్దున్నే తిరుపతిలో బయల్దేరి, కాణిపాకం చూసుకుని, చిత్తూరు మీదుగా బెంగళూరులో మా తమ్ముడింటికి పోవాలి. కారు మాదే.

మా ఆఫీసులో చిత్తూరాయన ఒకరున్నారు. ఊరెళ్లి వచ్చినప్పుడల్లా సంచి నిండా బన్నులు, రస్కులు మోసుకొస్తారు. గాంధీ విగ్రహం నుంచి నడిచే దూరంలో తాతల నాటి బేకరీ ఒకటుందనీ, అక్కడ శాండ్‌విచ్ తినకుండా వస్తే చిత్తూరు చూసినట్టే కాదనీ చెవులు తినేస్తన్నారు. ఆయన మాట నమ్మి గంట పాడు చేసుకోవచ్చా? వెళ్తే ఏ టైముకి వెళ్లాలి? మా అమ్మ గుడ్డు ముట్టదు. పిల్లలకి అప్పటికి ఇడ్లీ అంటేనే మొహం మొత్తేసి ఉంటాది. అదీ సంగతి.

గిరింపేటగిరి | సోమవారం రాత్రి 9:58

అనా, ఆ అంగడి ఏదో మీ ఆఫీసాయన చెప్పకపోయినా నాకు తెలిసిపోయింది. మా ఇంట్లో మూడు తరాలు ఆడే బన్ను తిన్నోళ్లం. పేరు [తొలగించబడింది]. ముందర బోర్డు గూడా సరిగ్గా కనపడదు, ఎండకు అక్షరాలన్నీ వెలిసిపోయి ఉండాయి. వాసన పట్టుకొని పోతే చాలు.

ఆగాల. కాకపోతే పొద్దున పోతే శాండ్‌విచ్ లేదంటారు, మధ్యాన్నం పోతే ఇంకా కాలేదంటారు. నాలుగు దాటినాక పోండి. ఏంటికి అట్ల అని అడగొద్దండి, నాకు తెలీదు. వాళ్లు ఎప్పుడూ అంతే.

పర్యవేక్షకుడు | సోమవారం రాత్రి 10:05

గిరింపేటగిరి గారూ, పైన షాపు పేరు తీసేశాను. ఈ విభాగంలో వ్యాపారాల పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టకూడదని మీకు తెలుసు. గుర్తులు చెప్పండి, పేరు వద్దు.

గిరింపేటగిరి | సోమవారం రాత్రి 10:07

సరే సామీ. ఊర్లో ఎవరినైనా "పాత బేకరీ" అని అడిగితే దావ చూపిస్తారు. ఇంక పేరెందుకు.

అలిపిరిఅక్క | సోమవారం రాత్రి 10:31

బొబ్బిలి తమ్ముడూ, మా తిరుపతిలో బేకరీలు లేనట్టు డెబ్బై కిలోమీటర్లు పోయి తినమంటున్నారు చూడు వీళ్లు. ఉండాయి, బాగానే ఉండాయి. కాకపోతే ఒక మాట ఒప్పుకోవాల. మా ఊర్లో బస్టాండు, రైల్వే స్టేషను చుట్టుపక్కల అంగళ్లు ఎప్పుడూ పైవూరి జనాన్ని చూసి నడిచేవే. ఈ రోజు తిన్నోడు రేపు రాడు. అందుకని పఫ్ చల్లారి తోలు మాదిరి సాగినా అడిగే నాథుడు ఉండడు. చిత్తూరులో అట్ల కాదు. రోజూ వచ్చే కోర్టు గుమాస్తా, బడి అయ్యవారు, కాలేజీ పిల్లోళ్లు. రుచి ఒక్క రోజు తగ్గినా మొహం మీదే అడుగుతారు. పాత అంగడి నిలబడిందంటే ఆ భయంతోనే.

అమ్మగారి గుడ్డు సంగతి చెప్తా, ఇది కొండకు వచ్చే వాళ్లందరూ తెలుసుకోవాల్సిందే. కేకులో గుడ్డు ఉంటాదని అందరికీ తెలుసు, అడుగుతారు. బన్ను మీద మెరుపు ఎక్కడినుంచి వస్తాదని ఎవరూ అడగరు. కొన్ని చోట్ల ట్రే లోపలికి తోసే ముందర బన్నుల పైన, పఫ్‌ల పైన గుడ్డు సొన కుంచెతో పూస్తారు. కొన్ని చోట్ల ఒట్టి పాలు పూస్తారు. చూసి చెప్పడం కష్టం. "పైన ఏం పూస్తారు?" అని నేరుగా అడగండి. సాదా బ్రెడ్డుకు ఈ తంటా సామాన్యంగా ఉండదు, మైదా, ఈస్టు, ఉప్పు, చక్కెర, కొంచెం నూనో డాల్డానో, అంతే.

ఇంకోటి. బేకరీ సామాను ఏదైనా కొనేది ఉంటే కొండ దిగినాకే కొనండి. పైకి గుడ్డు కలిసినవి తీసుకుపోకూడదు. అలిపిరి దగ్గర సామాను అంతా తనిఖీ చేస్తారు, ప్లాస్టిక్ కవర్లు గూడా పైన నిషేధమే. పిల్లోళ్ల చేతిలో కేకు ముక్క పట్టుకొని ఆడ వాదులాడే వాళ్లను చూస్తానే ఉంటా.

మామిడిమార్కెట్ | మంగళవారం ఉదయం 6:15

అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేనొక్కణ్ణి తిడతా. ఆ అంగడి ముందర మాదిరి లేదు. కూర్చోను చోటు లేదు, చెయ్యి కడుక్కోను కొళాయి లేదు, కౌంటర్లో పెద్దాయన నవ్వితే ఆస్తి పోతాదన్నట్టు ఉంటాడు. శాండ్‌విచ్ రేటు గూడా పెంచేసినారు. ముప్పై రూపాయలకు తిన్న దాన్ని ఇప్పుడు అరవై అంటున్నారు.

గిరింపేటగిరి | మంగళవారం ఉదయం 6:40

మార్కెట్ అనా, నీ మామిడికాయ రేటు అప్పుడెంత, ఇప్పుడెంత?

మామిడిమార్కెట్ | మంగళవారం ఉదయం 6:42

తోతాపురి రేటు గురించి మాట్లాడొద్దు, పొద్దున్నే కడుపు మండుతాది. పల్పు ఫ్యాక్టరీ వాళ్ల దగ్గర లారీలు రోజుల కొద్దీ క్యూలో నిలబడి ఉండాయి పోయిన సీజన్లో. బేకరీ సంగతి మాట్లాడండి.

పిండిపట్టినోడు | మంగళవారం మధ్యాహ్నం 1:20

నేను ఆ అంగట్లో కాదు గానీ, చిత్తూరు, పలమనేరు బేకరీల్లో మాస్టరుగా చాన్నాళ్లు చేసినా. ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోక మానేసినా. నాలుగు దాటినాకే ఏంటికో గిరికి తెలీదంటున్నాడు కాబట్టి చెప్తా.

ఆ పాత బేకరీలో ఇప్పటికీ కట్టెల బట్టీనే. ఇటుకలతో కట్టిన గూడు. దినానికి ఒక్కసారి కాలుస్తారు. తెల్లారుజామున లోపలే కట్టెలు పేర్చి మంట పెడతారు. రెండు మూడు గంటలకు ఇటుకలు వేడెక్కి లోపలి కప్పు మీద మసి కాలిపోయి తెల్లగా తేలుతాది. అప్పుడు నిప్పులన్నీ బయటికి లాగి, తడి గోనెపట్టాతో నేల తుడిచి, మూత వేసి కాసేపు వదిలేస్తారు. వేడి అన్ని మూలలకూ సమంగా పాకాల. ఆ తర్వాత ఇంక మంట ఉండదు. ఇటుకల్లో దాగిన వేడే రోజంతా పని చేస్తాది, గంట గంటకూ తగ్గుతా పోతాది.

అందుకే వరస ఉంటాది. మొదట వేడి ఎక్కువ, బన్నులు. పది, పన్నెండు నిమిషాల్లో అయిపోతాయి. వాటి వెనకే బ్రెడ్డు డబ్బాలు. బ్రెడ్డుకు రెండు వందల డిగ్రీల పైన కావాల. అది దిగినాక కేకులు. ఆ తర్వాత బిస్కెట్లు. రాత్రి అంగడి మూసేటప్పుడు నిన్నటి మిగిలిన బ్రెడ్డు ముక్కలు కోసి పరిచి లోపల పెట్టి మూసేస్తారు. మిగిలిన సన్న వేడికి తెల్లారేసరికి కరకరలాడే రస్కు. పారేసేది ఏమీ లేదు ఇందులో.

బ్రెడ్డు బట్టీలోనుంచి దిగేసరికి పన్నెండు అవుతాది. జనం వేడి వేడి బ్రెడ్డు అని ఎగబడతారు, అది తెలివితక్కువ పని. వేడి మీద కోస్తే లోపలి మెత్త అంతా కత్తికి అతుక్కొని ముద్ద అయిపోతాది. లోపలి ఆవిరి బయటికి పోవాల, పిండి గట్టిపడాల. రెండు మూడు గంటలు జాలీ మీద ఆరబెట్టి అప్పుడు కోస్తే ముక్క నిలబడతాది. వెన్న రాసినా చిరగదు, కూర పెట్టినా నానదు. శాండ్‌విచ్ సాయంత్రమే ఏంటికి అంటే ఇందుకు.

కరెంటు, డీజిల్ ఓవెన్ పెట్టినోళ్లకు ఈ గొడవ లేదు, ఎప్పుడంటే అప్పుడు కాలుస్తారు. చక్రం మీద ట్రేలు తిరిగే పెద్ద ఓవెన్లు వచ్చినాక మా వాళ్లు చానా మంది బట్టీలు పడగొట్టేసినారు. తప్పు పట్టను. కట్టెలు తెచ్చేదెవరు, తెల్లారుజామున మూడింటికి లేచేదెవరు?

సన్నజాజి_కుప్పం | మంగళవారం మధ్యాహ్నం 2:05

మాస్టర్ గారూ, దండాలు. ఇంత వివరంగా ఎవరూ చెప్పరు. ఒక సందేహం. మా కుప్పంలో అన్నీ అయ్యంగార్ బేకరీలే, బెంగళూరు ప్రభావం. అక్కడ బ్రెడ్ టోస్ట్ అంటే ఉల్లిపాయ, క్యారెట్, టమేటా, పచ్చిమిర్చి మసాలా చేసి టోస్ట్ మీద కుప్ప పోసి ఇస్తారు. చిత్తూరుది కూడా అదేనా, వేరా?

బొబ్బిలి అన్నా, మీరు ఎలాగూ బెంగళూరు పోతున్నారు. అయ్యంగార్ బేకరీలు మొదలైంది అక్కడే, 1898లో చిక్‌పేటలో. హాసన్ వైపు నుంచి వచ్చిన అయ్యంగార్లు పెట్టారు. అమ్మగారికి అదే మేలేమో? చాలా వాటిలో గుడ్డు లేకుండానే చేస్తారు.

గిరింపేటగిరి | మంగళవారం మధ్యాహ్నం 2:30

వేరు చెల్లీ. మాది మూసిన శాండ్‌విచ్. రెండు ముక్కల మధ్యలో కూర పెట్టి పెనం మీద అదిమి కాలుస్తారు. ఉడకపెట్టిన ఉర్లగడ్డ, పచ్చి ఎర్రగడ్డ, కొత్తిమీర పచ్చడి, పైన శెనక్కాయల కారంపొడి. ఆ పొడి ఇంకెక్కడా ఉండదు. చెనిక్కాయ లేకుండా మా జిల్లాలో ఏమన్నా తినేది ఉండాదా?

డాలస్‌దోసె | మంగళవారం సాయంత్రం 6:50

మంచి చర్చ. ఇక్కడ అమెరికాలో పాత శాండ్‌విచ్ షాపులకు పెద్ద గౌరవం. న్యూయార్క్‌లో కాట్జ్ డెలికటెసెన్ 1888 నుంచి ఉంది. తలుపు దగ్గరే చీటీ ఇస్తారు, ఏం తీసుకున్నామో దాని మీద రాస్తూ పోతారు, చివర్లో చీటీ చూసి డబ్బులు. పాస్ట్రమీ చేత్తో కోసి ఇంత మందాన పేరుస్తారు. న్యూయార్క్ వస్తే తప్పక చూడండి.

అలిపిరిఅక్క | మంగళవారం సాయంత్రం 6:58

నాయనా, పెద్దామె కోడిగుడ్డే ముట్టదంటే నువ్వు గొడ్డుమాంసం తెస్తివి.

డాలస్‌దోసె | మంగళవారం సాయంత్రం 7:01

అక్కా, అమ్మగారికి కాదు, తమ్ముడికి చెప్పాను! సరే, చిత్తూరు గురించే ఒక ప్రశ్న. దోసెల ఊర్లో ఇంత పాత బ్రెడ్డు వ్యాపారం ఎలా వచ్చింది?

గిరింపేటగిరి | మంగళవారం రాత్రి 8:20

చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకు ముందు ఉత్తర ఆర్కాడు జిల్లాకు గూడా చిత్తూరే ముఖ్యపట్టణం. కలెక్టరు కచేరీ, కోర్టులు, దొరల బంగళాలు అన్నీ ఈడనే. ఆర్కాట్ మిషను వాళ్ల చర్చి, బడులు గూడా అప్పటివే. దొరలున్న కాడ రొట్టె ఉంటాది, చర్చి ఉన్న కాడ క్రిస్మస్ కేకు ఉంటాది. వేలూరు పక్కనే. అటు మద్రాసు, ఇటు బెంగళూరు. మా పాత బేకరీ ఎప్పుడు పెట్టినారనేది మాత్రం ఇంటికొక కథ చెప్తారు, నేను ఏదీ నమ్మను. డిసెంబర్లో వచ్చి చూడండి, ప్లమ్ కేకు కోసం రోడ్డు దాకా వరస.

బొబ్బిలిబాటసారి | మంగళవారం రాత్రి 9:15

అందరికీ దండాలు. అయితే తిరుపతిలో ఎనిమిదింటికి బయల్దేరి, కాణిపాకంలో మధ్యాహ్నం వరకు ఉండి, నాలుగుకి చిత్తూరు చేరతాం. తిన్న వెంటనే బయల్దేరితే చీకటి పడక ముందే మొగిలి ఘాట్ దాటొచ్చా?

మామిడిమార్కెట్ | మంగళవారం రాత్రి 9:22

అయిదింటికి కదిలితే దాటేయొచ్చు. రోడ్డు బాగుంది ఇప్పుడు. కాణిపాకంలో ఆదివారం అయితే మాత్రం నీ లెక్కలన్నీ గాలికే.

బొబ్బిలిబాటసారి | శనివారం రాత్రి 10:50

తమ్ముడింట్లో కూర్చుని రాస్తన్నాను. వెళ్లాం, తిన్నాం.

కాణిపాకం తొందరగానే అయిపోయింది, మూడున్నరకే చిత్తూరు చేరిపోయాం. "ఇంకా లేదు" అన్నారు, ముందే చెప్పారు కాబట్టి ఆశ్చర్యపోలేదు. అమ్మను కారులో కూర్చోబెట్టి నేనూ పెద్దోడూ కౌంటర్ పక్కన నిలబడ్డాం. లోపల బ్రెడ్డు కోస్తన్నారు. మాస్టర్ గారు చెప్పిందంతా కళ్లముందు కనబడింది. గోడకి ఆనించిన పొడుగు చెక్క తెడ్డు, దాని అంచు కాలి నల్లబడిపోయింది. కోసే ఆయన ముందు బ్రెడ్డుని బొటనవేలితో పక్క నుంచి నొక్కి వదులుతాడు. లొత్త నిలబడిపోతే పక్కన పెట్టేస్తాడు, వెనక్కి లేస్తేనే కత్తి. మిషను లేదు, పళ్ల కత్తితోనే కోస్తన్నాడు, ముక్కలు మాత్రం ఒకే మందం. మామూలు ప్యాకెట్ బ్రెడ్డు కంటే మందంగా ఉన్నాయి, దాదాపు వేలంత.

శాండ్‌విచ్ పెనం దగ్గర ఇంకో కుర్రాడు. బయటి వైపు వెన్న రాశాడు, లోపల కాదు. లోపల పచ్చడి, ఉర్లగడ్డ ముద్ద, ఉల్లి ముక్కలు, కారంపొడి చిటికెడు. పెనం మీద పెట్టి పైన ఇనుప దిమ్మె పెట్టాడు. తిప్పి మళ్లీ దిమ్మె. కోసినప్పుడు చప్పుడొచ్చింది. పైన కరకర, లోపల బ్రెడ్డు ఇంకా మెత్తగానే ఉంది. శెనక్కాయ పొడి మొదట తెలీదు, చివర్లో నాలుక మీదకి వస్తాది.

అలిపిరిఅక్క గారు చెప్పినట్టే "పైన ఏం పూస్తారు" అని అడిగాను. కౌంటర్ పెద్దాయన అప్పటిదాకా నా మొహం చూడలేదు, ఈ మాటకి తలెత్తాడు. "తీపి బన్నుకు గుడ్డు, కొబ్బరి బన్నుకు పాలు, బ్రెడ్డుకు ఏం లేదు. శాండ్‌విచ్ పెనం మీద ఆమ్లెట్ వెయ్యం, దానికి వేరే పెనం" అన్నాడు. అమ్మ అది విన్నాకే తింది. తను ఒకటి తిని, ఇంకోటి సగం తింది, దాని గురించి ఒక్క మాటా అనలేదు. మా ఇంట్లో అది పెద్ద మెచ్చుకోలే.

మార్కెట్ అన్న చెప్పింది నిజమే, కూర్చోడానికి లేదు. కారు బానెట్ మీద కాగితం పరుచుకుని తిన్నాం. పెద్దాయన నవ్వలేదు గానీ, చిన్నోడికి బిస్కెట్ ఒకటి ఊరికే ఇచ్చాడు. చెయ్యి కడుక్కోడానికి నీళ్ల సీసా పట్టుకెళ్లండి.

ఎగ్ పఫ్ నేను తినలేదు, తమ్ముడికి తెచ్చాను. బెంగళూరు చేరేసరికి మెత్తబడిపోయింది, వాడికి నచ్చలేదు. అది అక్కడే తినాల్సిన వస్తువు.

అలిపిరిఅక్క | శనివారం రాత్రి 11:10

వేరే పెనం అన్నారా! ఇది తెలిస్తే మా అత్తగారిని గూడా తీసుకుపోయేదాన్ని ఎప్పుడో.

పిండిపట్టినోడు | ఆదివారం ఉదయం 5:30

బొటనవేలితో నొక్కి చూసేది మీరు గమనించినారే, సంతోషం. అది నేర్పితే వచ్చేది కాదు. వెన్న బయట రాసేది గూడా సరి, లోపల రాస్తే పచ్చడి జారిపోతాది.

ఎండాకాలంలో మాత్రం ఆ బ్రెడ్డు కొంచెం పులుపు తిరుగుతాది, గమనించండి. చిత్తూరు ఎండకు పిండి తొందరగా పొంగిపోతాది, ఐసు నీళ్లతో కలిపినా చేతిలో ఆగదు. ఈ పిండి మందుల్తో లొంగదీసింది కాదు. ఒకప్పుడు బ్రెడ్డు తెల్లగా, ఎత్తుగా రావాలని పొటాషియం బ్రోమేట్ కలిపేవాళ్లు చానా చోట్ల. 2016లో ప్రభుత్వం నిషేధించింది. మంచి పని చేసినారు.

సన్నజాజి_కుప్పం | ఆదివారం ఉదయం 8:00

బొబ్బిలి అన్నా, బ్రెడ్డు ఏమైనా తెచ్చుకున్నారా? తెచ్చుంటే ఫ్రిజ్‌లో పెట్టకండి, తొందరగా ఎండిపోతుంది. బయటే గుడ్డలో చుట్టి రెండు రోజుల్లో తినేయండి, లేదా ముక్కలు చేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి.

బొబ్బిలిబాటసారి | ఆదివారం ఉదయం 8:25

బ్రెడ్డు రాత్రే అయిపోయింది. రస్కులు మాత్రం మా ఆఫీసాయన కోసం దాచాను. ఆయన ఊరివి ఆయనకే తీసుకెళ్తన్నాను, చూడాలి ఏమంటారో.

డాలస్‌దోసె | ఆదివారం ఉదయం 9:40

జనవరిలో చెన్నైలో దిగుతున్నాను. తిరుపతి పోయే ముందు చిత్తూరు చుట్టి రావాలనుంది. సోమవారం తెరిచి ఉంటుందా?

గిరింపేటగిరి | ఆదివారం ఉదయం 9:52

సోమవారం అంగడి తెరిచే ఉంటాది, శాండ్‌విచ్ ఉండదు. ఆదివారం రాత్రి బట్టీ చల్లార్చి బూడిద తీసి, సోమవారం ఇటుకల సందులకు మట్టి మెత్తుతారు. ఆ రోజు ఒట్టి బిస్కెట్లు, రస్కులే. సంక్రాంతికి మూడు రోజులు అసలు తెరవరు. మంగళవారం నుంచి శనివారం లోపల చూసుకో. కాట్పాడి దాకా రైల్లో వస్తే ఆడినుంచి బస్సు ఉంటాది, గంట దావ.

మామిడిమార్కెట్ | ఆదివారం ఉదయం 9:55

చిల్లర తెచ్చుకో, డాలర్లు తీసుకోరు.